నీడ టిక్కెట్టు

సినిమా పత్రికలో బేస్‌బాల్ గొడవేమిటని మీరు పేజీ తిప్పెయ్యకముందే ఒక మాట మనవి చేసుకుంటాను. 2014లో డిస్నీ సంస్థ విడుదల చేసిన ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ మీలో కొందరైనా చూసే ఉంటారు. రింకూ సింగ్, దినేష్ పటేల్ అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు, అప్పటిదాకా చేతిలో ఈటె తప్ప బేస్‌బాల్ బంతి పట్టి ఎరగనివాళ్ళు, ఒక టీవీ పోటీ పుణ్యమా అని అమెరికా వెళ్ళి 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుతో ఒప్పందం కుదుర్చుకున్న నిజం కథ అది. సంగీతం మన ఎ.ఆర్. రెహమాన్. కాబట్టి బేస్‌బాల్‌కీ మనకీ బొత్తిగా చుట్టరికం లేదనకండి.

అయితే ఈ వారం చెప్పబోయేది బంతి విసిరేవాడి సంగతి కాదు. డబ్బిచ్చి, టోపీ పెట్టుకుని, కూర్చుని చూసేవాడి సంగతి. వాడు కూర్చున్నది ఎండలోనా, నీడలోనా అన్న సంగతి.

ఇదీ ఒక సంగతేనా అంటారేమో! ఏటా వేసవి రాగానే మన ఊళ్ళనుంచి ఎంతమంది అమ్మలూ నాన్నలూ అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి ప్రయాణం కడుతున్నారో మీకు తెలియంది కాదు. వెళ్ళాక చూడవలసినవాటి జాబితా ఒకటుంటుంది. నయాగరా జలపాతం, గుడి, షాపింగు, ఆ తర్వాత “ఈ దేశం వచ్చి ఇది చూడకపోతే ఎలా” అని ఒక బేస్‌బాల్ ఆట. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మొదలయ్యే ఆటకి అల్లుడుగారు టిక్కెట్లు కొంటారు.

“మామయ్యగారూ, మైదానానికి ఇంత దగ్గర సీట్లు దొరకడం అదృష్టం. ఆటగాడి మొహంమీద చెమట కూడా కనిపిస్తుంది!”

మూడో ఇన్నింగ్స్ వచ్చేసరికి ఆటగాడి చెమట సంగతేమో కానీ, మామగారి చెమట మాత్రం అందరికీ కనిపిస్తుంది.

“అల్లుడుగారూ, అదుగో, వెనకాల ఆ కప్పు కింద బోలెడు ఖాళీ ఉందే, అక్కడ మనల్ని కూర్చోనివ్వరా?”

“అవి చౌక సీట్లండీ!”

ఇలాంటి సంభాషణ అమెరికాలో ఎన్ని ఊళ్ళలో ఎన్ని ఆదివారాలు జరుగుతుంటుందో ఊహించుకోవచ్చు. ఎక్కువ డబ్బు పెట్టినవాడు ఎండలో, తక్కువ పెట్టినవాడు నీడలో! మరి ఈ తిరకాసు ఎక్కడుంది?

సినిమా హాలు లెక్క ఇక్కడ చెల్లదు

మన టూరింగ్ టాకీసుల రోజులు గుర్తు చేసుకోండి. నేల, బెంచీ, కుర్చీ, ఆ పైన బాల్కనీ. డబ్బు పెరిగినకొద్దీ తెరకి దూరంగా, హాయిగా కూర్చునేవాళ్ళం. నేల టిక్కెట్టువాడు తెర కిందే మెడ ఎత్తి చూసేవాడు. ఎంత తేడా ఉన్నా పైన డేరాయో, రేకులో ఏదో ఒకటి అందరికీ ఉండేది. ఆట చీకట్లోనే కాబట్టి సూర్యుడితో పని లేదు.

బేస్‌బాల్ స్టేడియంలో లెక్క తిరగబడుతుంది. మైదానానికి ఎంత దగ్గరైతే అంత ధర. మొదటి వరసలు అన్నింటికన్నా ఖరీదు. కానీ ఆ మొదటి వరసల నెత్తిమీద ఆకాశం తప్ప మరేమీ ఉండదు. ధర కట్టినవాళ్ళు ఆట ఎంత బాగా కనిపిస్తుందో చూసి కట్టారు గాని, సూర్యుడు ఎంత బాగా కనిపిస్తాడో చూసి కట్టలేదు.

స్పెయిన్ దేశంలో ఎద్దులపోరు చూపించేవాళ్ళు ఈ విషయంలో నిజాయితీపరులు. ‘సోల్’ అంటే ఎండ, ‘సోంబ్రా’ అంటే నీడ. టిక్కెట్టు కొనేటప్పుడే ఏది కావాలో చెప్పాలి. నీడకి ధర ఎక్కువ, ఎండకి తక్కువ. మొదట ఎండగా ఉండి ఆట నడుస్తుండగా నీడలోకి వచ్చే సీట్లకి ‘సోల్ ఇ సోంబ్రా’ అని మధ్యరకం టిక్కెట్టు. అమెరికావాడి బేస్‌బాల్ టిక్కెట్టుమీద సెక్షను ఉంటుంది, వరస ఉంటుంది, సీటు నంబరుంటుంది. ఎండో నీడో మాత్రం ఉండదు. ఆ ఒక్క లెక్కా కొనుక్కునేవాడే వేసుకోవాలి.

అదృష్టం ఏమిటంటే, ఆ లెక్క పెద్ద కష్టమైంది కాదు. వాస్తు తెలిసిన తెలుగువాడికైతే మరీ సులువు.

రూల్ పుస్తకంలో వాస్తు

బేస్‌బాల్ అధికార నిబంధనల పుస్తకంలో మైదానం ఏ దిక్కుకి ఉంటే బాగుంటుందో రాసి ఉంది. బ్యాటు పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేటునుంచి బంతి విసిరే పిచర్ మీదుగా రెండో బేసుకి గీత గీస్తే, ఆ గీత తూర్పు-ఈశాన్య దిశగా సాగడం వాంఛనీయమట. తప్పనిసరి అనలేదు, వాంఛనీయం అన్నారు.

ఎందుకంటే బ్యాటు పట్టినవాడి కళ్ళు కాపాడాలి. గంటకి 90 మైళ్ళ పైచిలుకు వేగంతో వచ్చే బంతిని చూడవలసినవాడి మొహాన సాయంత్రపు ఎండ పడితే ఆట సంగతి తర్వాత, ప్రాణానికే ముప్పు. అందుకని అతన్ని తూర్పు వైపు తిప్పి నిలబెట్టారు. సూర్యుడు అతని వీపు వెనక దిగుతాడు.

మన క్రికెట్‌లో బంతి రెండు వైపులనుంచీ వేస్తారు కాబట్టి ఒకణ్ణి కాపాడితే ఇంకొకడికి గుచ్చుకుంటుంది. అందుకే క్రికెట్ పిచ్ సాధారణంగా ఉత్తర-దక్షిణాలుగా ఉంటుంది. అలా కాక తూర్పు-పడమరలుగా వేస్తే ఏమవుతుందో 2019 జనవరి 23న న్యూజిలాండ్‌లోని నేపియర్‌లో మనవాళ్ళకి అనుభవమైంది. మన బ్యాటింగు నడుస్తుండగా దిగుతున్న సూర్యుడు కళ్ళల్లో పడుతున్నాడని అంపైర్లు వన్డే ఆట ఆపేశారు. వాన వల్ల ఆగిన ఆటలు చాలా చూశాం. ఎండ వల్ల ఆగిన అంతర్జాతీయ ఆట మాత్రం అపురూపం.

సరే, బేస్‌బాల్‌కి వద్దాం. అన్ని స్టేడియంలూ పుస్తకంలో చెప్పినట్టే కట్టలేదు. ఊరి వీధులు, నది, కొండ, చుట్టూ ఉన్న భవనాలు చూసుకుని కొంచెం అటూ ఇటూ తిప్పారు. అయినా ఎక్కువ భాగం స్టేడియంలలో బ్యాటు పట్టినవాడు ఉత్తరానికీ తూర్పుకీ మధ్యనే ఎటో చూస్తుంటాడు. లెక్కకి తేలికగా ఈశాన్యం అనుకుందాం.

ఇప్పుడు మనసులో ఒక తాటాకు విసనకర్ర ఊహించుకోండి. దాని పిడి నైరుతి మూల ఉంది. ఆకు ఈశాన్యం వైపు విచ్చుకుంది. పిడి దగ్గర హోమ్ ప్లేటు. అక్కడ నిలబడి మైదానంకేసి చూస్తే కుడి చేతి వైపు ఫస్ట్ బేస్, ఎడమ చేతి వైపు థర్డ్ బేస్. కుడి వైపు సీట్లన్నీ దక్షిణాన, ఎడమ వైపు సీట్లన్నీ పడమర. ఎదురుగా, విసనకర్ర అంచుమీద దూరంగా ఉండే సీట్లు తూర్పు-ఈశాన్యాల్లో.

మధ్యాహ్నం దాటాక సూర్యుడు ఎటు పోతాడు? నైరుతికి, ఆ తర్వాత పడమటికి. అంటే హోమ్ ప్లేటు వెనక కూర్చున్నవాళ్ళకీ, థర్డ్ బేస్ వైపు కూర్చున్నవాళ్ళకీ వీపు వెనక్కి వస్తాడు. వాళ్ళ వెనక ఉన్న పై అంతస్తూ, కప్పూ, గోడా అడ్డం పడి మొదట నీడొచ్చేది వాళ్ళకే. అదే సమయంలో దూరపు సీట్లవాళ్ళకీ, కుడి మూలవాళ్ళకీ మొహంమీదే దీపం పెట్టినట్టుంటుంది. ఇంటి యజమాని గది నైరుతిలో ఉండాలని మన వాస్తు పెద్దలు చెబుతారు కదా. ఇక్కడా అంతే. నైరుతి మూల, దాని పక్కన పడమర. అవే యజమాని సీట్లు.

మొత్తం కలిపి ఒక్క మాటలో చెప్పమంటే: పడమర వీపున పెట్టుకోండి.

హాలీవుడ్ ఊళ్ళోనే చూడండి. లాస్ ఏంజిలిస్‌లోని డాడ్జర్ స్టేడియం 1962లో తెరిచారు. అందులో బ్యాటరు ఇంచుమించు ఉత్తర-ఈశాన్యం చూస్తాడు. కాబట్టి సాయంత్రపు ఆటకి థర్డ్ బేస్ వైపు ముందు నీడ పడుతుంది. డాడ్జర్స్ జట్టు కూర్చునేదీ ఆ వైపే. కుడి వైపు చివర కూర్చున్న అభిమాని మాత్రం చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, తన హీరోకి సలాం కొడుతున్నట్టు కనిపిస్తాడు.

అన్ని సూత్రాలకీ ఉన్నట్టే దీనికీ ఒక ఎదురు ఉంది. డెట్రాయిట్ నగరంలో 2000లో తెరిచిన కొమెరికా పార్కులో బ్యాటరు ఆగ్నేయం వైపు చూస్తాడు. అక్కడ థర్డ్ బేస్ మంత్రం పనిచెయ్యదు. పడమర ఉండేది ఫస్ట్ బేస్ వైపు. నీడా అక్కడే. కాబట్టి బేసు నంబరు బట్టీ పట్టకుండా దిక్కు పట్టుకోవాలి. ఫోనులో మ్యాపు తెరిస్తే ఉత్తరం పైన ఉంటుంది. స్టేడియం బొమ్మలో పిడి ఎక్కడుంది, ఆకు ఎటు విచ్చుకుంది చూడ్డానికి అర నిమిషం చాలు.

గడియారం చేసే మోసం

దిక్కు తెలిసింది. ఇక వేళ. ఇక్కడే మనవాళ్ళు పప్పులో కాలేస్తారు.

మన దేశంలో మిట్టమధ్యాహ్నమంటే పన్నెండు. ఒంటిగంట దాటిందంటే సూర్యుడు వాలుముఖం పట్టాడనుకుంటాం. అమెరికాలో చాలా రాష్ట్రాలు వేసవిలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతాయి. దానివల్ల సూర్యుడు నడినెత్తికి చేరే వేళా గడియారంలో వెనక్కి పోతుంది. చికాగోలో, లాస్ ఏంజిలిస్‌లో ఇంచుమించు ఒంటిగంటకి, డల్లాస్‌లో ఒంటిగంటన్నర ప్రాంతంలో, అట్లాంటాలో ఇంకాస్త ఆలస్యంగా! ఆదివారం ఆట మొదలయ్యేది సరిగ్గా ఆ వేళకే. అంటే “ఒంటిగంట దాటిందిగా, ఇక తగ్గుముఖమే” అనుకుని కూర్చున్నవాడు నిజానికి నడిమధ్యాహ్నం కూర్చున్నాడన్నమాట.

జూన్ నెలలో ఆ వేళకి చికాగోలో సూర్యుడు 71 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అంత నిటారు ఎండకి పడమర, తూర్పు అనే భేదం లేదు. నెత్తిమీద ఏదైనా ఉంటేనే నీడ. కాబట్టి మధ్యాహ్నపు ఆటకి అడగవలసింది కింది అంతస్తులో వెనక వరసలు. పై అంతస్తు ముందుకు పొడుచుకొచ్చి ఆ వరసలకి చూరులా కప్పుతుంది. వరస నంబరు పెరిగినకొద్దీ మైదానానికి దూరం, చూరుకి దగ్గర. తరచూ ధర కూడా తక్కువ. అల్లుడుగారు చిన్నచూపు చూసిన చౌక సీట్లు ఇవే!

నాలుగు గంటల ఆటకైతే పడమర సూత్రం పూర్తిగా పనిచేస్తుంది. మొదట ఎండ ఉన్నా, ఇన్నింగ్స్ గడిచేకొద్దీ నీడ వెనక వరసనుంచి ముందు వరసకి మెట్లు దిగినట్టు దిగి వస్తుంది. ఆ నీడ అంచు మైదానంలోకి పాకి పిచర్‌కీ బ్యాటరుకీ మధ్య పడినప్పుడు బంతి ఎండలోంచి చీకట్లోకి వచ్చి బ్యాటరుకి సరిగా కనిపించదు. చూసేవాడికి హాయిగా ఉన్న ఆ ఘడియే ఆడేవాడికి గడ్డుకాలం.

ఇక ఏడు గంటల ఆట. “రాత్రి ఆట కదా, ఎండెక్కడిది?” అనకండి. జూన్ ఆఖర్లో చికాగోలో సూర్యుడు అస్తమించేది ఎనిమిదిన్నరకి. డల్లాస్‌లో ఇంకొంచెం తర్వాత. మనకి ఆరున్నర, ఏడింటికల్లా దీపాలు పెట్టే అలవాటు కాబట్టి ఇది తోచదు. ఏడు గంటల ఆటలో మొదటి గంటంతా సూర్యుడు వాయవ్యం వైపు వాలి, అడ్డంగా కొడుతుంటాడు. అప్పుడు నెత్తిమీద కప్పున్నా లాభం లేదు. వసారాలో కూర్చున్నవాడి మొహాన సాయంత్రపు ఎండ పడ్డట్టు, కప్పు కిందినుంచే దూసుకొస్తుంది. ఆ వేళ కావలసింది కప్పు కాదు, వెనక గోడ.

అవుట్‌డోర్ షూటింగు చూసినవాళ్ళకి ఇదంతా కొత్త కాదు. కెమెరామన్ పొద్దున్నే వచ్చి సూర్యుడు ఎటునుంచి ఎటు పోతాడో చూసుకుని, మధ్యాహ్నం నిటారు ఎండ మొహాలకి పనికిరాదని విశ్రాంతిచ్చి, సాయంత్రం ఏటవాలు వెలుగు కోసం కాచుకు కూర్చుంటాడు. టిక్కెట్టు కొనేవాడు చెయ్యవలసింది కూడా ఆ కెమెరామన్ పనే. కాకపోతే అతను వెలుతురు వెతుకుతాడు, మనం నీడ వెతుకుతాం.

ఎండలో కూర్చోబెట్టిన చరిత్ర

నీడ అనేది సూర్యుడి లెక్క మాత్రమే అయితే ఈ వ్యాసం ఇక్కడితో ముగించేవాణ్ణి. కానీ ఎవరు ఎండలో కూర్చోవాలన్నది చాలాకాలం మనుషులే నిర్ణయించారు.

విసనకర్ర అంచుమీద దూరంగా ఉండే సీట్లని ‘బ్లీచర్స్’ అంటారు. ఆ మాట ఎలా పుట్టిందనుకున్నారు? పూర్వం అవి కప్పులేని చెక్కబల్లలు. ఎండకి ఎండీ ఎండీ ఆ చెక్కలు వెలిసిపోయేవి. చలవచేసిన బట్టలా తెల్లబడ్డ బల్లలు కాబట్టి బ్లీచర్స్. కప్పు ఉన్న భాగానికి ‘గ్రాండ్ స్టాండ్’ అని దర్జా అయిన పేరు. ఒకటి నీడకి పేరు, ఇంకొకటి ఎండకి పేరు. మన నేల టిక్కెట్టుకీ కుర్చీ టిక్కెట్టుకీ ఉన్నంత దూరం.

డబ్బు ఒక్కటే అడ్డమైతే సరిపెట్టుకోవచ్చు. సెయింట్ లూయిస్ నగరంలోని స్పోర్ట్స్‌మన్స్ పార్కులో 1944 దాకా నల్లజాతి ప్రేక్షకుల్ని గ్రాండ్ స్టాండులో కూర్చోనివ్వలేదు. జేబులో డబ్బున్నా సరే, మైదానం అంచున వాళ్ళకి కేటాయించిన చోటే కూర్చోవాలి. పెద్ద లీగు స్టేడియంలలో ఈ కట్టుబాటు ఎత్తేసిన ఆఖరి స్టేడియం అదే. జాకీ రాబిన్సన్ 1947లో పెద్ద లీగులో అడుగుపెట్టి ఆటగాళ్ళ మధ్య గోడ కూల్చాడని అందరూ చెప్పుకుంటారు. సినిమాలూ తీశారు. సీట్ల మధ్య గోడ గురించి చెప్పుకునేవాళ్ళు తక్కువ.

ఇంకో తమాషా ఏమిటంటే, ఒకప్పుడు ఆటలన్నీ పగలే. పెద్ద లీగులో దీపాల కింద మొదటి రాత్రి ఆట 1935 మే 24న సిన్సినాటిలో జరిగింది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వైట్‌హౌస్‌లో మీట నొక్కితే అక్కడ దీపాలు వెలిగాయి. పగలు పనికి పోయేవాడు సాయంత్రం ఆట చూసే భాగ్యం అలా మొదలయింది. చికాగోలోని రిగ్లీ ఫీల్డ్ మాత్రం మొండికేసింది. 1914లో కట్టిన ఆ స్టేడియంలో దీపాలు వెలిగింది 1988 ఆగస్టు 8న. ఆ రాత్రి కుండపోత వాన కురిసి ఆట రద్దయింది. మర్నాడు గాని పూర్తి ఆట జరగలేదు. సూర్యుడికి కోపమొచ్చి వరుణుడితో కబురంపాడని మనవాళ్ళయితే కథ కట్టేవాళ్ళు.

కప్పేస్తే సరి అనుకుంటే

ఇంత గొడవెందుకు, స్టేడియం మొత్తానికి కప్పేస్తే పోలా అని మీకు తోచవచ్చు. హ్యూస్టన్‌వాళ్ళకీ తోచింది. 1965లో ఆస్ట్రోడోమ్ అని లోకం నివ్వెరపోయేలా ఒక స్టేడియం కట్టారు. మైదానం మొత్తం కప్పేసి, లోపల చల్లదనం పెట్టారు. గడ్డి బతకాలి కాబట్టి పైకప్పులో వెలుతురు దిగే పలకలు అమర్చారు.

తీరా పగటిపూట ఆడబోతే, ఆ పలకల మెరుపులో పైకెగిరిన బంతి ఆటగాళ్ళకి కనిపించలేదు! బంతి కోసం చేతులు చాచి నిలబడితే అది ఇంకెక్కడో పడేది. పలకలకి రంగు పూశారు. బంతి కనిపించింది, గడ్డి చచ్చింది. చివరికి 1966లో కృత్రిమ గడ్డి పరిచారు. దానికి ఆస్ట్రోటర్ఫ్ అని ఆ స్టేడియం పేరే వచ్చింది. నేడు ప్రపంచమంతా పరుస్తున్న ప్లాస్టిక్ గడ్డికి ఆ పేరు అంటుకున్నది ఒక నీడ ప్రయత్నం వికటించడం వల్లనేనన్నమాట.

తర్వాత తెలివైన మార్గం కనిపెట్టారు. కావలసినప్పుడు తెరుచుకుని, వద్దన్నప్పుడు మూసుకునే కప్పు. టొరంటోలో 1989లో, ఎడారి ఎండల ఫీనిక్స్‌లో 1998లో అలాంటివి వచ్చాయి. మన తెలుగువాళ్ళు వేల సంఖ్యలో కాపురముండే డల్లాస్ ప్రాంతం సంగతి చూడండి. ఆర్లింగ్టన్‌లో టెక్సాస్ రేంజర్స్ జట్టుకి 1994లో ముచ్చటైన స్టేడియం కట్టారు. కప్పు లేదు. వేసవి ఆటలంటే జనం జంకేవాళ్ళు. చివరికి 2016లో ఊరి ప్రజలు ఓటు వేసి, కొత్త స్టేడియానికి 50 కోట్ల డాలర్ల దాకా ప్రజాధనం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. 2020లో దాని పక్కనే జరిగే కప్పుతో గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ వచ్చింది. పాతది పాతబడి కాదు, పడిపోయి కాదు. ముఖ్యంగా ఎండకి తట్టుకోలేక పక్కన పెట్టారు. నీడ ఖరీదెంత అంటే, ఇదుగో, ఇంత!

రెంటచింతల వాదన

“మేం రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం. మాకు ఈ అమెరికా ఎండ ఒక లెక్కా?” పెద్దవాళ్ళు తరచూ అనే మాట ఇది. ఇక్కడ మాత్రం నేను నవ్వులాట ఆపి మాట్లాడతాను.

రెంటచింతలలోనైనా మధ్యాహ్నం ఒంటిగంటకి ఎవరూ మూడు గంటలపాటు ఆరుబయట కుర్చీ వేసుకుని కూర్చోరు. తలుపులు దగ్గరగా వేసుకుని, నీళ్ళకుండ పక్కన పెట్టుకుని, పొద్దు వాలాక బయటికొస్తారు. మన పెద్దల బలం ఎండకి ఓర్చుకోవడంలో కంటే, ఎండని తప్పించుకునే తెలివిలో ఉంది. ఆ తెలివిని స్టేడియం గేటు దగ్గర వదిలేసి లోపలికి పోవడం దేనికి?

అమెరికా వాతావరణ శాఖ తన లెక్కల్లో ఒక హెచ్చరిక చేస్తుంది. ఉక్కని కలుపుకుని ఒంటికి ఎంత వేడి తెలుస్తుందని వాళ్ళు చెప్పే అంకె నీడలో ఉన్నవాడికి. నేరుగా ఎండలో ఉంటే దానికి 15 ఫారన్‌హీట్ డిగ్రీల దాకా, అంటే సుమారు 8 సెల్సియస్ డిగ్రీల దాకా చేరవచ్చు. ఒకే స్టేడియం, ఒకే ఆట. నాలుగు వరసల తేడాలో ఇద్దరు మనుషులు రెండు వేర్వేరు ఊళ్ళలో కూర్చున్నట్టు!

వయసు మీదపడినకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. చెమట పట్టి ఒళ్ళు చల్లబడే శక్తీ తగ్గుతుంది. రక్తపోటుకి వాడే కొన్ని మాత్రలు, ముఖ్యంగా ఒంట్లోంచి నీరు తీసేవి, ఈ బాధని పెంచుతాయి. అలాంటి మందులు వేసుకునేవాళ్ళు ముందే డాక్టరుని ఒక మాట అడగడం మంచిది. పైగా మనవాళ్ళకి మొహమాటం ఎక్కువ. అల్లుడు అంత ఖర్చు పెట్టి తీసుకొచ్చాడు, లేచి పోదామంటే ఏం బాగుంటుందని నోరు మెదపరు. తల తిరగడం, వికారం, తలనొప్పి, మితిమీరిన నీరసం కనిపిస్తే మొహమాటం కట్టిపెట్టి వెంటనే నడవాలోకి, నీడలోకి తీసుకుపోవాలి. నీళ్ళు తాగించాలి. మాట తడబడినా, మనిషి మనసులో లేనట్టున్నా అది వడదెబ్బ. అప్పుడు స్టేడియం సిబ్బందిని పిలవాలి, 911కి ఫోను చెయ్యాలి. ఆట పోతే పోయింది.

గొడుగు పట్టుకుపోదామనుకుంటున్నారేమో! వెనకవాడికి ఆట కనిపించదు కాబట్టి చాలాచోట్ల తెరవనివ్వరు. అంచు వెడల్పు ఉన్న టోపీ మేలు. నీళ్ళసీసా చాలా స్టేడియంలు రానిస్తాయి గాని, ఎలాంటి సీసా అన్నదానికి ఒక్కోచోట ఒక్కో నియమం. ముందే తెలుసుకోండి. ఎండ సీటే దొరికితే దానికి అంటుకుపోనక్కరలేదు. కొత్తగా కట్టిన స్టేడియంలలో చాలావాటిలో వెనక నడవాలో నిలబడి కూడా ఆట చూడొచ్చు. రెండు ఇన్నింగ్స్ సీట్లో, ఒక ఇన్నింగ్స్ నడవాలో. మనకి ఇంటర్వెల్లు అలవాటేగా! బేస్‌బాల్‌వాడు ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందర్నీ లేపి పాట పాడిస్తాడు. మనం మూడో ఇన్నింగ్స్‌కే లేస్తే తప్పేం లేదు. బంతి విసరడానికి 2023లో గడువు గడియారం పెట్టాక ఆట సగటున మూడు గంటలనుంచి 2 గంటల 40 నిమిషాలకి తగ్గింది. అది కూడా పెద్దవాళ్ళకి కలిసొచ్చిన సంగతే.

ఇంకొక్క సంగతి. ఎండ సీట్ల వరసల మధ్య మెట్లెక్కుతూ దిగుతూ, మెడకి తట్ట తగిలించుకుని చల్లటి నీళ్ళూ వేరుసెనక్కాయలూ అమ్మేవాళ్ళుంటారు. నీడ సీటు ఎక్కడుందో వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. కానీ బేరం ఎండలోనే ఉంటుంది కాబట్టి వాళ్ళు అక్కడే తిరగాలి. వాళ్ళ దగ్గర సీసా కొన్నప్పుడు బేరం బాగుందా లేదా అన్నది తర్వాత ఆలోచించండి.

మొత్తానికి చెప్పవచ్చేది ఇదీ. మైదానానికి దగ్గరి సీటు డబ్బుతో వస్తుంది. నీడ సీటు ఆలోచనతో వస్తుంది. మీ పిల్లలు ఈ వేసవికి ఆట చూపిస్తామంటే, “ఎంత దగ్గర?” అని అడగకండి. “ఎన్ని గంటలకి? పడమర మనకి ఎటు?” అని అడగండి. వాళ్ళు రెండో ప్రశ్నకి తెల్లమొహం వేస్తే, ఈ పేజీ చించి ఉత్తరంలో పెట్టి పంపించండి. సంపాదకులేమీ అనుకోరు లెండి.

వచ్చే వారం మళ్ళీ సినిమా కబుర్లే. శలవు.